దమ్ము ముగిసిన పిదప గేరుబాక్సు ఆయిలు

కృష్ణా డెల్టాయందు సార్వా ఊడ్పులు ముగియుటతోడనే ట్రాక్టరు పనియు ముగిసినట్లే రైతులు భావింతురు. దమ్ము చక్రములు విప్పి పశువులపాక ప్రక్కన చేర్చుదురు. రబ్బరు చక్రములు బిగించి, కాలువ రేవున యంత్రమును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి నీడన నిలుపుదురు. ఇంజను ఆయిలు మార్చవలెనని యందరికిని తెలియును. గంటల మీటరు చూచి దానిని మార్చుచునే యున్నారు. కాని సీటు క్రింద, రెండు పెద్ద చక్రముల నడుమనున్న ఇనుపపెట్టెలో అనేక లీటర్ల ఆయిలు గలదనియు, నెలదినములు బురదలో మునిగి తేలినది ఇంజను కాదు, ఆ పెట్టెయే యనియు తలచువారు మిక్కిలి యరుదు.

గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతములలో మేము చూచిన గేరుబాక్సు చెరుపులలో హెచ్చుభాగము డ్రైవరు మొరటుదనమువలన కలిగినవి కావు. నీటివలన కలిగినవి. మెట్టరైతు ట్రాక్టరునకు దుమ్ము శత్రువైనట్లు మన ట్రాక్టరునకు నీరు శత్రువు. కంపెనీవారు బండితో ఇచ్చు పుస్తకములో గేరుబాక్సు ఆయిలునకు వేయి గంటలో, అంతకు కొంచెము హెచ్చుతగ్గులుగనో గడువు వ్రాయబడి యుండును. ఆ లెక్క మెట్టదుక్కికి చెల్లును. దమ్ముపనికి వేరు గడువు చెప్పిన పుస్తకములును గలవు గాని, అది చిన్న యక్షరములలో నుండుటచే కంటబడదు. ఏడెనిమిది లక్షలు పోసి, అందులో హెచ్చు పాలు అప్పుచేసి కొన్న యంత్రమునకు ఈ యొక్క సంగతి తెలియకపోవుట చేతనే సంక్రాంతి నాటికి బేరింగుల మోత మొదలగుచున్నది. సంఘపు వాయిదా చెల్లింపవలసిన దినములలోనే మెకానిక్కు చీటీయు చేతికి వచ్చును.

ఈ ఆయిలును బండి ఇరుసునకు పెట్టెడి కందెనవంటిదని మాత్రమే తలపరాదు. ఆముదమును గడ్డిమసియు కలిపిన కందెన ఒక్క పనియే చేసెడిది. ఇప్పటి ట్రాక్టర్లలో పెక్కింటియందు ఒకే ఆయిలు మూడు పనులు చేయుచున్నది. గేరుపండ్లకును బేరింగులకును నడుమ సన్నని పొరగా నిలిచి, ఇనుమును ఇనుము తాకనీయదు. పంపు దీనినే పీల్చి సిలిండరులోనికి త్రోయుటచేత వెనుక లిఫ్టు పైకి లేచును. ఆయిలు బ్రేకులు గల బండ్లలో బ్రేకు పళ్లెములను చల్లార్చునదియు నిదియే. నీరు చేరెనా, మూడును చెడును. బరువు మోయుటలో ఆయిలునకుగల శక్తి నీటికి లేదు గనుక గేరుపండ్లు ఒత్తుకొనుచోట పొర తెగి యినుము నినుము ఒరయును. బేరింగు గుండ్లమీద మొదట కంటికానని గుంటలు పడును. బండి నిలిపియుంచిన దినములలో ఆ గుంటలలో త్రుప్పు పట్టును. పంపు నురుగును పీల్చుటచే లిఫ్టు వణకును. బ్రేకులు కీచుమనును, లేదా పట్టు తప్పును.

నీరు చేరు త్రోవలు

నీరు లోనికెట్లు పోయినదని యడిగిన “సీలు పోయినదండీ” యని రైతు చెప్పును. సీలు పోవుట నిజమే. అది యేల పోయినదో విచారింపవలెను గదా. మన చేలలో వెనుక చక్రపు బొడ్డునకు చుట్టుకొను వస్తువులు లెక్కలేనివి: వరిగడ్డి, గోనెపీచు, ప్లాస్టికు సంచులు, నైలాను త్రాళ్లు. గుడివాడకు ఉత్తరముగా చేపల చెరువులు హెచ్చినప్పటినుండి కాలువలలో కొట్టుకొనివచ్చిన వలముక్కలును వీనిలో చేరినవి. ఇవి ఇరుసుచుట్టు బిగిసి, బురదతో గట్టిపడి, సీలు పెదవిని దినమంతయు గీకుచుండును. సాయంత్రము బండి దిగునపుడు ఐదు నిమిషములు వంగి, కొడవలితో ఈ చుట్టలను కోసివేసినచో సీలు రెండు మూడు ఏండ్లు హెచ్చుగా మన్నును.

రెండవ త్రోవ సూక్ష్మమైనది. మేమడిగిన రైతులలో కొలదిమందియే దీని నెరిగియున్నారు. గేరుబాక్సుమీద చిన్న టోపీవంటి గాలి రంధ్రము గలదు. దానిని బ్రీదరు అందురు. పనిచేయునపుడు ఆయిలు కాగి, లోనిగాలి వ్యాకోచించి, ఆ రంధ్రముగుండ వెలికి పోవును. చల్లారినపుడు గాలి మరల లోనికి వచ్చును. ఉదయమునుండి దమ్ముచేసి కాగియున్న ట్రాక్టరును, అన్నమునకు పోవుచు, మోకాటిలోతు నీటిలోనే నిలిపినారనుకొనుడు. చన్నీటిలోనున్న పెట్టె త్వరగా చల్లారును, లోనిగాలి కుదించుకొనును. బ్రీదరు బురదతో మూసికొని యుండినయెడల ఆ పెట్టె వేరొకచోటినుండి ఊపిరి పీల్చవలసినదే. సీళ్ల సందులనుండి, చుట్టునున్న నీటినే పీల్చును. సీలు ముఖ్యముగా లోని ఆయిలును ఆపుటకు చేయబడినది గాని, వెలినీటిని లోనికి లాగెడి పీల్పునకు ఎదురు నిలుచుటకు కాదు. కావున క్రొత్త సీలుగల క్రొత్త బండిలోనికిని నీరు రాగలదు. అన్నమునకు దిగునపుడు ట్రాక్టరును గట్టెక్కించి నిలుపుడు. వారమునకొకసారి బ్రీదరు విప్పి డీజిలుతో కడుగుడు. దీనికి కాసు ఖర్చులేదు.

గేరు కడ్డీ మొదట నుండు రబ్బరు తొడుగు చినిగినచో వాననీరు దిగును. రొటావేటరు తగిలించు పీటీవో ఇరుసు సీలునుండియు, సర్వీసు చేయుచోట పంపుతో బలముగా కొట్టు నీటినుండియు కొంత చేరును. యంత్ర పరీక్షా సంస్థలవారు ట్రాక్టరును నీటిలో నడిపించి, పిదప ఆయిలులో నీరు చేరినదా లేదా యని పరిశీలించుచుందురు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో నిట్టి శిక్షణ పరీక్షా సంస్థ యొకటి గలదు. ట్రాక్టరు కొనబోవు రైతు గుర్రపు బలము, రంగు, కంతుల వడ్డీ యడుగుటతోపాటు, నీటి పరీక్షలో ఆ బండి యెట్లున్నదో డీలరు నడుగుట మంచిది.

తెలిసికొను విధము

కొలతపుల్ల తీసి చూచినంతనే సగము తెలియును. క్రొత్త ఆయిలు తేనెరంగు. పనిచేసిన ఆయిలు నల్లబారును. అది దోషము కాదు. పాలుపోసిన తేనీటివలెనో మజ్జిగవలెనో యున్నచో నీరు చేరినదని నిశ్చయము. కొంచెము నీరైనచో రంగు మారకపోవచ్చును. అపుడు తెల్లని గాజుసీసాలో పావులీటరు తీసి రాత్రియంతయు కదపక యుంచినచో తెల్లవారునప్పటికి అడుగున నీరు తేరును. తేరకున్నను నీరు లేదని చెప్పుటకు వీలులేదు, ఏలయన ఆయిలులో కలిపిన మందులు నీటిని తమలో పట్టియుంచును. అందులకు మరియొక పరీక్ష గలదు. ఇనుపరేకును బాగుగా కాచి, నిప్పునుండి దించి, ముఖము దూరముగా నుంచి, దానిమీద రెండు చుక్కల ఆయిలు వేయవలెను. నీరున్నచో చిటపటలాడును, లేనిచో ఊరక పొగ వచ్చును. అట్లు పోసెడి పెనము కాదు సుమా, పాత రేకుముక్క చాలును.

మూడవ పరీక్ష అన్నిటికంటె నమ్మదగినది. నీరు బరువు గనుక బండి రాత్రియంతయు నిలిచియున్నచో పెట్టె యడుగునకు దిగును. తెల్లవారి ఇంజను త్రిప్పకమునుపే అడుగు ప్లగ్గును కొంచెము వదులుచేసినచో, నీరున్నయెడల మొదట నీరే వచ్చును.

దివిసీమలో నొక గ్రామమున మేమీ పరీక్ష చేయించితిమి. ఆ రైతు చాల జాగ్రత్తగలవాడు. ఇంజను ఆయిలు మార్చిన తేదీలన్నియు గోడమీద వ్రాసియుంచినాడు. “గేరుబాక్సు సంగతి అడగనక్కరలేదండీ, మూడేండ్లాయె, ఒక్క చుక్క తగ్గలేదు, పుల్లమీద గుర్తుకు పైనే యున్నది” యని సంతోషముతో చెప్పెను. మేము ప్లగ్గు వదులుచేయగా ఒక చెంబెడు నీరు వచ్చినది. పిదప మజ్జిగరంగు ద్రవము. పుస్తకములో చెప్పిన కొలత 40 లీటర్లు కాగా, కొలిచి చూడ 44 లీటర్లు వచ్చినది. ఆయిలు పెరిగెడి వస్తువు కాదు. గుర్తునకు పైనున్న ఆ నాలుగు లీటర్లు మూడు సార్వాల దమ్మునీరే. ఎడమప్రక్క ఇరుసు బేరింగు మాత్రమే గుంటలు పడినందున దానితో బయటపడెను. ఇంకొక్క దమ్మునకు పోయినచో క్రౌనును పినియనును కూడ మార్చవలసి యుండెడిదని మెకానిక్కు చెప్పెను.

ఏ ఆయిలు పోయవలెను

ఈ ప్రశ్నకు జవాబు బండి పుస్తకములోనే గలదు. దుకాణదారుని నోట వెదకరాదు. కొన్ని బండ్లకు 80డబ్ల్యు-90 చిక్కదనముగల గేరు ఆయిలు. లిఫ్టు, బ్రేకులు, గేర్లు అన్నియు ఒకే పెట్టెలో నున్నవానికి యూటీటీవో యని డబ్బామీద వ్రాయబడెడి ట్రాక్టరు ఆయిలు. జీఎల్-4 అని చెప్పినచోట హెచ్చు ఘాటైనదని జీఎల్-5 పోయుట మంచిది కాదు. అందలి మందులు కొన్ని గేరుబాక్సులలోని ఇత్తడి భాగములను తినగలవు. ఇంజనునుండి తీసిన నల్ల ఆయిలును వడకట్టి గేరుబాక్సులో పోసినవారిని మేము చూచితిమి. వారికి చెప్పుటకేమున్నది! ధర తక్కువయని మూతముద్రలేని డబ్బాలు కొనరాదు. ముద్ర చూచి, బిల్లు తీసికొని, ఆ బిల్లును దాచుకొనుడు. పవరు స్టీరింగునకు వేరుగా చిన్న డబ్బా గల ట్రాక్టర్లు కొన్ని యున్నవి. వానిలో కొన్నింటికి కార్ల ఆటోమేటిక్ గేరుబాక్సులకు వాడెడి ఎర్రని ఆయిలే పోయుదురు. దానిని దీనిలోను, దీనిని దానిలోను పోయరాదు.

మార్చు విధము

ఈ పని యింటివద్ద చేసికొనుటకు రెండు మూడు పానాలు, పెద్ద గరాటు, వెడల్పు తొట్టి, కొలతడబ్బా, పీచురాలని పాతగుడ్డలు, ప్లగ్గులకు క్రొత్త వాషర్లు, పుస్తకములో చెప్పిన ఫిల్టరు చాలును. ముందుదినము యంత్రమును కడిగి ఆరనీయుడు. పొలములో గాక, చదునైన గట్టినేలమీద నిలుపుడు. రొటావేటరు మొదలగు పనిముట్లు విప్పి, లిఫ్టు చేతులను పూర్తిగా క్రిందికి దించవలెను. లేనిచో సిలిండరులో పాత ఆయిలు నిలిచిపోవును. పైకెత్తిన పనిముట్టు క్రింద ఎన్నడును దూరరాదు. లిఫ్టు జారుటకు క్షణము చాలును.

నీటిని చూడదలచినవారు చల్లగా నున్నపుడే ప్లగ్గు వదులుచేయవలెనని పైన చెప్పితిమి. నీటిని వదలి, ప్లగ్గు మరల బిగించి, పిమ్మట బండిని ఇరువది నిమిషములు నడపుడు. ఆయిలు వెచ్చబడి, అడుగున దిగిన మడ్డి దానితో కలిసి, ధారగా దిగును. చేయి కాలునంత వేడి యక్కరలేదు. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో నుంచుకొనుడు. చేతిబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల మొద్దులు పెట్టుడు.

ఇక మొదట విప్పవలసినది అడుగు ప్లగ్గు కాదు, ఆయిలు పోయు పైమూత. ఇది వినుటకు చిన్నమాటగా తోచును. ఏండ్లతరబడి విప్పని పైమూత త్రుప్పుపట్టి బిగిసియుండవచ్చును. అడుగున ఆయిలంతయు వదలిన పిదప మూత రాకపోయినచో, బండి కదలదు, ఆయిలు పోయుటకు వీలుండదు. మెకానిక్కు వచ్చువరకు అది యింటిముందు దిష్టిబొమ్మవలె నిలుచును. పైమూత వచ్చిన పిదపనే అడుగునకు పొండు. అడుగున ఒక్క ప్లగ్గే యుండునని యనుకొనరాదు. గేర్ల క్రింద ఒకటి, వెనుక డిఫరెన్షియలు క్రింద మరియొకటి యుండవచ్చును. కొన్ని బండ్లలో చక్రముల దగ్గరి గేర్లకు వేరు ఆయిలు, వేరు ప్లగ్గులును గలవు. వాని చుట్టునున్న మట్టిని విప్పకమునుపే గీకి తుడువవలెను.

పెక్కు ప్లగ్గులకు అయస్కాంతము గలదు. దానిని తుడిచివేయుటకు ముందు వెలుతురులో చూడుడు. మెత్తని కాటుకవంటి బూడిదరంగు పిండి యుండుట సహజము. క్రొత్తబండి మొదటి మార్పులో కొంచెము హెచ్చుగనే యుండును. వ్రేలికి గ్రుచ్చుకొను తునకలు, గేరుపంటి ముక్కలు కనబడినచో అక్కడనే పని నిలిపి మెకానిక్కును పిలువవలెను. ఆ తునకలను పారవేయక కాగితములో చుట్టి యతనికి చూపుడు. ఏ గేరునుండి రాలినవో అతడు గుర్తింపగలడు.

వచ్చిన ఆయిలును కొలువవలెను. ఇది సోమరులకు నచ్చని మాట. కాని దివిసీమ రైతు బండిలో మూడు సార్వాల నీటి సంగతిని బయటపెట్టినది ఈ కొలతయే. పుస్తకపు కొలతకంటె హెచ్చుగా వచ్చినచో నీరు చేరినది. చాల తగ్గినచో ఎక్కడనో కారుచున్నది. ఒక గంట కారనీయుడు. ఈలోగా జల్లెడవంటి తీగ ఫిల్టరైనచో డీజిలుతో కడిగి ఆరబెట్టుడు. కాగితపు ఫిల్టరును కడుగరాదు, మార్చవలెను. పెట్టె లోపలిని కిరసనాయిలుతో కడుగు అలవాటు కొందరికి గలదు. మూలలలో నిలిచిన కిరసనాయిలు క్రొత్త ఆయిలును పలుచన చేయును గనుక ఆ పని మేము మెచ్చము.

ఆయిలు మజ్జిగవలె మారియుండినచో ఒక్కసారి మార్చుట చాలదు. పెట్టె గోడలకును, గేర్ల సందులకును, గొట్టములకును అంటియున్న పాతది క్రొత్తదానిని మరల తెల్లబరచును. అట్టియెడల అదే జాతి క్రొత్త ఆయిలును పుల్లమీది క్రింది గుర్తువరకు పోసి, గట్టినేలమీద కొంతసేపు నెమ్మదిగా నడిపి, లిఫ్టును పదిసార్లు ఎత్తి దించి, వెచ్చగా నున్నపుడే దానినికూడ వదలవలెను. రెండవసారి పోసినదే నిలుపుకొను ఆయిలు. ఈ ఖర్చునకు వెనుకాడువారు తమ బేరింగుల జత వెల యెంతో విచారించి పిదప నిశ్చయించుకొనవచ్చును. మరియు నీరు వచ్చిన త్రోవను మూయక ఆయిలు మార్చుట చిల్లికుండను నింపుటవంటిది. ఇరుసు సీలు మార్చుటకు చక్రమును ఇరుసును దించవలసి యుండును. అది యింటిపని కాదు, పనివానికి విడువుడు.

క్రొత్త వాషరుతో ప్లగ్గులు బిగించి, కొలిచి పోయుడు. బిగించుటలో బలప్రదర్శనము వద్దు. మరలు తెగినచో పెట్టెకే చేటు. కొలతకు రెండు లీటర్లు తక్కువగా పోసి, ఇంజను త్రిప్పి, లిఫ్టు ఆడించి, ఆపి, పది నిమిషములైన పిదప పుల్ల చూచి, మిగిలినది గుర్తువరకు నింపవలెను. గుర్తు దాటి పోసినచో గేర్లు దానిని చిలికి నురుగుచేయును, వేడి పెరుగును, సీళ్లవద్ద వెలికి త్రోయును. మరునాడు బండి నిలిచినచోట నేలమీద చుక్కలున్నవేమో చూచుట మరువకుడు. తేదీ, గంటల మీటరు అంకె, పోసిన లీటర్లు, ఆయిలు పేరు పనిముట్ల పెట్టె మూత లోపలివైపున వ్రాసియుంచుడు. బండి యమ్మునాడు ఈ వ్రాతకును వెల గలదు.

ఉప్పునీరు, వరదనీరు

నాగాయలంక, కోడూరు ప్రాంతముల రైతులకు ఇంకొక మాట. పోటునీరు ఎక్కెడి మురుగుకాలువల ప్రక్కను, రొయ్యల చెరువుల గట్లమీదను పనిచేసిన ట్రాక్టరులో చేరునది మంచినీరు కాదు. మంచినీరు వేడికి కొంత ఆవిరియై పోవచ్చును, ఉప్పు పోదు. అది లోపలనే నిలిచి ఇనుమును తినుచుండును. ఉప్పునీరు చేరినదని తెలిసిన దినముననే ఆయిలు వదలవలెను. దమ్ము ముగియువరకు ఆగరాదు. రొయ్యల చెరువులలో త్రిప్పెడి ఏరేటర్లకును చిన్న గేరుబాక్సులు గలవు. వానికిని ఇదియే న్యాయము.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమయందు మనుష్యులను లెక్కించుటయే గగనమైనపుడు యంత్రముల మాట తలచినవారు లేరు. 2024 సెప్టెంబరు మొదట వచ్చిన వరదలో సంగతి వేరు. బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు దినములతరబడి నీటనుండెను, ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు పోయెను, లంకలు మునిగినవి. వేలకొలది వాహనములు నీటిలో నిలిచినవి. అట్లు మునిగిన బండిని, ట్రాక్టరుగాని కారుగాని, “ఆడునేమో చూతము” అని తాళము త్రిప్పుటయే మొదటి చేటు. త్రిప్పకమునుపే ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియలు ఆయిళ్లన్నియు వదలి చూడవలెను.

ఇపుడు మన గ్రామములలోను క్లచ్చు పెడలు లేని కార్లు తిరుగుచున్నవి. ట్రాక్టరు ఆయిలు మార్చుట నేర్చిన యువకులు అదే పానాతో నాన్నగారి కారు క్రిందను దూరుచున్నారు కనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. 1939లో అమెరికాలోని జనరల్ మోటార్సువారు హైడ్రామాటిక్ అను పేరుతో 1940 నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లకు అమర్చిన నాటినుండి, ఇట్టి గేరుబాక్సులో ఆయిలు కందెన మాత్రము కాదు. ఇంజను బలమును గేర్లకు అందించునది ఆయిలే. లోని క్లచ్చులను బిగించి వదలునదియు ఆయిలు ఒత్తిడియే. ఒకప్పుడు ఈ ఆయిలులో తిమింగలపు నూనెను కొంత కలిపెడివారు. ఆ వర్తకమును ఆ దేశమువారు 1970 దశకపు మొదటి యేండ్లలో నిషేధించినందున వేరు మందులు కనిపెట్టవలసి వచ్చెను. పట్టీ ఎంత పట్టవలెను, ఎంత జారవలెను అనునది ఆ కొద్దిపాటి మందుమీదనే యాధారపడియుండును. కావున పుస్తకములో చెప్పిన జాతి తప్ప వేరొకటి పోయుట సాహసము. కారిన చుక్క ఇంజనుదో గేరుబాక్సుదో తెలియుటకై దీనికి ఎర్రరంగు కలుపుట వాడుక. అన్నియు ఎర్రనివి కావు.

ప్లగ్గు విప్పినచో దీనిలోని ఆయిలంతయు రాదు. టార్కు కన్వర్టరు అను గుండ్రని భాగములో హెచ్చుపాలు నిలిచిపోవును. అందుచే వచ్చినంత కొలిచి అంతే పోయవలెను. పెక్కు క్రొత్తకార్లకు కొలతపుల్లయే లేదు. ఆయిలు నిర్ణీతమైన వేడిలో నున్నపుడు ప్రక్క ప్లగ్గునుండి మట్టము చూడవలెను. అట్టివి వర్కుషాపుకు పంపుటయే యుక్తము. పుల్లయు ప్లగ్గును గల పాతకార్లకు మాత్రమే ఇంటిపని తగును. క్లచ్చు పెడలు లేని బండ్లన్నియు ఒక జాతివియు కావు. కొన్నింటిలో నున్నది మామూలు గేరుబాక్సే, దానిని మనిషిచేయికి మారుగా యంత్రము మార్చును. దానికి ఎర్రఆయిలు పనికిరాదు.

వదలిన ఆయిలు సంగతి

తొట్టిలోనున్న ఆ నలుబది లీటర్లు ఏమగుచున్నవి? కొంత దూలములకు చెదలమందుగా పూయుదురు. కొంత పశువుల పుండ్లకు రాయుదురు, ఇది మిక్కిలి చెడ్డ యలవాటు. మిగిలినది చీకటిపడిన పిదప కాలువగట్టుమీద కుమ్మరింతురు. దివిసీమలోను బందరు సముద్రతీరమునందును వేసవికిముందు కాలువనుండి మంచినీటి చెరువులు నింపుకొను గ్రామములు పెక్కు గలవు. గుడివాడ ప్రక్క చేపల చెరువులకు వచ్చునదియు ఆ నీరే. నీటిమీద పరచుకొన్న ఆయిలు పొర క్రింద గాలి దిగదు. చేప నోరు తెరచి పైకి వచ్చును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము వాడిన ఆయిలును అనుమతిగల శుద్ధి సంస్థలకే చేర్చవలెను. 2024 ఏప్రిలు నుండి ఆయిలు ఉత్పత్తిదారులమీదను ఈ సేకరణ బాధ్యత మోపబడినది.

ఒక్కొక్క రైతు ఇంట నలుబది లీటర్లుగా నున్నపుడు దీనికొరకు ఎవరును రారు. సంఘపు గిడ్డంగియందు మూతగల 200 లీటర్ల డ్రమ్ము నొకదానిని ఎరువుల బస్తాలకు దూరముగా, నేల తడియని చోట నుంచినచో ఐదు ట్రాక్టర్లతో నిండును. దానిమీద “వాడిన ఆయిలు, నీరు పోయరాదు” అని వ్రాయించుడు. దానితోపాటు ఒక వెడల్పు తొట్టి, ఒక పానాల పెట్టె, ఒక చేతిపంపు కొని, చిట్టాలో వ్రాసి, సభ్యులకు దినమునకొక యింటివంతున ఇచ్చినచో ప్రతివారును కొననక్కరలేదు. ఆయిలునుకూడ సభ్యుల బండ్ల పేర్లు ముందుగా వ్రాసికొని, ఏ జాతి ఎన్ని లీటర్లో లెక్కించి, 20 లీటర్ల బక్కెట్లుగా ఒకేసారి తెప్పించినచో ముద్రగల సరుకు దొరకును, వెలయు తగ్గును. ఆ పట్టిక వ్రాయుటకు దమ్ము చక్రములు విప్పెడి వారమే తగిన కాలము, ఏలయన దాళ్వాకు నీరు ఇచ్చిన యేట మరల బురదలోనికి దిగుటకు మూడునాలుగు నెలలే వ్యవధి గలదు. డ్రమ్ము నిండినపుడు తీసికొనిపోవువాని అనుమతి పత్రము చూచి, లీటర్లు కొలిపించి, రశీదును సంఘపు దఫ్తరములో నుంచవలెను.